మునిగినవాడికి గొట్టం చాలదు

రాజేంద్రనగర్ దాటి శంషాబాద్ విమానాశ్రయం వైపు వెళ్లే దారిలో హిమాయత్‌సాగర్ ఉంది. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి హైదరాబాద్‌ను ముంచెత్తాక, మోక్షగుండం విశ్వేశ్వరయ్య సలహా మీద మూసీకి అడ్డంగా ఉస్మాన్‌సాగర్ 1920లో, ఈసీకి అడ్డంగా హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయ్యాయి. ఏ ఆనకట్టనైనా నిలువునా కోసి చూడండి, పైన సన్నగా, అడుగున లావుగా ఉంటుంది. లోతు మీటరు పెరిగితే చదరపు మీటరుకు టన్ను చొప్పున నీటి ఒత్తిడి పెరుగుతుంది కాబట్టి. జలాశయం ఎంత దూరం పరుచుకుందన్న దానితో ఈ లెక్కకు పని లేదు. సుమారు మూడు టీఎంసీలు పట్టే హిమాయత్‌సాగర్‌లో మీటరు లోతున ఎంత ఒత్తిడి ఉంటుందో, పొలంలోని మోటబావిలో మీటరు లోతునా అంతే. కట్ట కట్టేటప్పుడు ఏ మేస్త్రీ మరవని ఈ సంగతి, మనిషి నీళ్లలో దాక్కునే కథ చెప్పేటప్పుడు మాత్రం ఎవరికీ గుర్తు రాదు. శత్రువులు తరుముకొస్తారు, వీరుడు చెరువులోకి దూకుతాడు, వెదురు గొట్టమో తామరతూడో నోట్లో పెట్టుకుని నిలువు లోతున పూటంతా కూర్చుంటాడు. గొట్టం పై కొస గాలిలో ఉంది కదా, ఇంకేం కావాలి అని చూసేవాళ్లూ సమాధానపడతారు. నీటి మునక వృత్తుల చరిత్రను కూడా మనం చాలాకాలంగా ఇదే ధోరణిలో చదువుతున్నాం. పూర్వులకు కిందికి గాలి పంపే ఉపాయం తెలియదని, యంత్రయుగం వచ్చి ఆ లోటు తీర్చిందని అనుకుంటాం. నాకు ఇది తలకిందుల చరిత్రలా కనిపిస్తుంది. గాలి పంపే ఉపాయం ఎప్పటినుంచో ఉంది. నీటి ఒత్తిడికి సమానమైన ఒత్తిడిని రొమ్ము లోపల నిలపడం ఎలాగన్నదే వేల ఏళ్లపాటు తెగని చిక్కు. దానికి మొదటి జవాబు చెప్పింది ఇంజనీర్లు కారు, ఊపిరి బిగబట్టి మునిగిన కూలీలు.

ముందు లెక్క తేల్చుకుందాం. నోట్లో గొట్టం ఉండి, దాని రెండో కొస గాలిలోకి తెరిచి ఉంటే, ఊపిరితిత్తుల్లోని గాలి పై గాలితో కలిసిపోయి ఉన్నట్టే. అంటే రొమ్ము లోపల ఒడ్డున ఉన్న ఒత్తిడే, బయట మాత్రం ఒడ్డున ఉన్న ఒత్తిడితో పాటు నీటి బరువు. రొమ్ము మీద అడుగు పొడవు, అడుగు వెడల్పు ఉన్న చోటు తీసుకుంటే మీటరు లోతున అక్కడ సుమారు 90 కిలోల బరువు అదనంగా పడుతుంది. బియ్యం బస్తా రొమ్ము మీద పెట్టుకుని పడుకున్నవాడు గాలి పీల్చాలంటే ప్రతిసారీ ఆ బస్తాను పక్కటెముకలతో పైకెత్తాలి, ఇక్కడా అదే పని. రక్తపోటు చెప్పే కొలతలో ఆ తేడా 74 మిల్లీమీటర్ల పాదరసం. ఆరోగ్యంగా ఉన్న మగవాడు తన శక్తినంతా కూడదీసుకుని ఒక్కసారి పీల్చగలిగే ఒత్తిడి సుమారు మీటరు ఎత్తు నీటి స్తంభానికి సమానం, ఆడవాళ్లలో ఇంకొంచెం తక్కువ. ఒక్కసారి ఎత్తగలిగిన బరువును నిమిషానికి పదిహేనుసార్లు, గంటసేపు ఎత్తలేం. ఊపిరి కండరాలు అలసిపోకుండా పని చేయాలంటే ఆ గరిష్ఠ శక్తిలో మూడో వంతుకు లోపే ఉండాలి. అంటే రొమ్ము 30, 40 సెంటీమీటర్ల లోతు దాటకూడదు. వియన్నా శరీరశాస్త్రవేత్త రాబర్ట్ స్టీగ్లర్ 1911లో గొట్టం నోట పెట్టుకుని తన మీదే ఈ ప్రయోగం చేసి, పీల్చే కండరాల బలం మీద పరిశోధన పత్రం ప్రచురించాడు. కండరాలు ఓడిపోవడంతో ఆగే వ్యవహారం కాదిది. చేతులకూ కాళ్లకూ పొట్టకూ నీటి ఒత్తిడి తగులుతుంది, ఊపిరితిత్తుల్లో అది లేదు. దాంతో రక్తం ఒత్తిడి తక్కువున్న రొమ్ములోకి ఎగదన్నుకొస్తుంది. గుండె ఉబ్బుతుంది, ఊపిరితిత్తుల సన్నని నాళాల నుంచి నీరు ఊరుతుంది. పైన గాలి ఎంత ఉన్నా లాభం లేదు.

ఇక్కడ ఒక సందేహం రావచ్చు. హిమాయత్‌సాగర్ నిండు నీటిమట్టం సముద్రమట్టానికి 1763.5 అడుగులు, అంటే 537 మీటర్ల పైమాట. ఆ ఎత్తున గాలి ఒత్తిడి విశాఖ తీరంలో కంటే ఆరు శాతం దాకా తక్కువ. మరి ఇక్కడ మునిగినవాడికి కొంత వెసులుబాటు ఉండదా? ఉండదు. తగ్గిన ఆ గాలి ఒత్తిడి నీటి పైనా, గొట్టం లోపలా, రొమ్ము లోపలా ఒకేలా తగ్గింది. కండరాలు ఎదుర్కోవాల్సింది తేడాను మాత్రమే. ఆ తేడా బంగాళాఖాతంలో మీటరుకు ఎంతో దక్కన్ పీఠభూమి మీదా అంతే, ఉప్పునీరు కాస్త బరువు కాబట్టి సముద్రంలో రవ్వంత ఎక్కువ. రెండో సందేహం ఇంతకంటే గట్టిది. జలాశయాల్లో ఎవరైనా గల్లంతైతే పోలీసులు గజ ఈతగాళ్లను పిలిపిస్తారు. వాళ్లు ఏ పరికరమూ లేకుండా నిలువు లోతుకు, అంతకు మించి కూడా దిగుతారు. మీటరుకే బస్తా బరువైతే అయిదు మీటర్లకు వాళ్ల పక్కటెముకలు విరిగిపోవాలి కదా? విరగవు, ఎందుకంటే వాళ్ల నోట గొట్టం లేదు. ఒడ్డున పీల్చిన గాలి రొమ్ములో బందీగా ఉంది. లోతుకు దిగేకొద్దీ నీరు రొమ్మును నొక్కుతుంది, లోపలి గాలి కుదించుకుపోతుంది, కుదించుకున్న కొద్దీ దాని ఒత్తిడి పెరిగి బయటి నీటితో సరితూగుతుంది. పది మీటర్ల లోతున ఆ గాలి సగం చోటులోకి ఒదుగుతుంది, ఒత్తిడి రెట్టింపవుతుంది. కండరాలకు పనే లేదు. అదే గొట్టం ఉంటే కుదించుకోవాల్సిన గాలి పైకి పారిపోతుంది, మనిషి ఒంటరిగా నీటితో తలపడాలి. చెరువులో మునిగేవాడికి గొట్టం ఇవ్వడమంటే అతని దగ్గరున్న ఒక్క రక్షణనూ ఊడలాక్కోవడం.

ఈ మాట గుర్తుంచుకుని హైదరాబాద్ ముత్యాల కథ చూడాలి. చార్మినార్ పక్కన పత్తర్‌గట్టీ దుకాణాల్లో నేడు అమ్మేవి ఎక్కువగా పెంపకపు ముత్యాలే, కానీ ఆ బజారుకు పేరు తెచ్చినవి బస్రా రేవు పేరుతో వచ్చిన పర్షియన్ సింధుశాఖ ముత్యాలు, వాటితో పాటు మన్నారు సింధుశాఖవి. హిమాయత్‌సాగర్‌కు తన పెద్ద కొడుకు హిమాయత్ అలీ ఖాన్ పేరు పెట్టిన ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ ఖజానాలో ఏడు పేటల హారం ఒకటి ఉండేది, సత్‌లడా అంటారు. అందులో 465 బస్రా ముత్యాలున్నాయి. నిజాం నగల్లో 173 వస్తువులను కేంద్ర ప్రభుత్వం 1995లో 218 కోట్ల రూపాయలకు కొన్నప్పుడు అదీ వాటిలో ఉంది. ఆ 465 ముత్యాల్లో ప్రతి ఒక్కటీ ఎవరో ఒక మనిషి ఊపిరి బిగబట్టి కిందికి దిగి తెచ్చిన చిప్పలోది. పనివాడి సరంజామా ఇంతే: కాలికి ఆనుకునే బరువు రాయి ఒకటి, దానికో తాడు, చిప్పలు వేసుకునే బుట్ట ఒకటి, నడుముకు ఇంకో తాడు, ముక్కుకు ఒక బిగింపు. రాయి బరువుతో పది పదిహేను మీటర్లు జారి, నిమిషమో అంతకు కొంచెం పైగానో అడుగున చిప్పలు ఏరి, తాడు లాగితే పడవలోని తోటివాడు పైకి చేదుకునేవాడు. కాకతీయుల మోటుపల్లి గురించి రాసిన మార్కోపోలో మన్నారులో ముత్యాల వేటనూ వర్ణించాడు. పద్నాలుగో శతాబ్దిలో ఇబ్న్ బతూతా తాబేటి చిప్పతో చేసిన ముక్కు బిగింపు గురించి రాశాడు. ఆయన చేయి కొంచెం ధారాళం, కొందరు గంట రెండు గంటలు కూడా నీళ్లలో ఉంటారని రాసేశాడు. అంత ఉదారంగా రాసినవాడు సైతం వాళ్ల నోట గొట్టం మాట ఎత్తలేదు. 1903, 1906 మధ్య లండన్ రాయల్ సొసైటీ ప్రచురించిన, ముత్యపు చిప్పల మీద హెర్డ్‌మన్ రాసిన నివేదికల కాలానికి కూడా సింహళ తీరంలో రాయి, తాడు, బుట్టలతోనే పని సాగుతోంది.

దీన్ని వెనకబాటుతనం అనడం తేలిక. కానీ ఆ కూలీల చుట్టూ సన్నని వెదురుకు, తోలుకు, తారుకు కొదవ లేదు. పడవల అతుకులు నీరు పట్టకుండా మూసే జాతి, ఒక గొట్టాన్ని నీరు చొరకుండా అతకలేకపోయిందంటే నమ్మశక్యం కాదు. చిప్పకో లెక్క కట్టే యజమానులకైతే మునిగినవాడు నిమిషానికి కాక గంటకు పైకి రావడం కంటే కావలసిందేముంది? అంత ఆశ ఉన్న చోట, అంత సులువైన పరికరం రెండు వేల ఏళ్లు వాడకంలోకి రాలేదంటే, ఎవరికీ తట్టలేదనుకోవడం కంటే, తట్టినవాళ్లు వేసి చూసి పక్కన పడేశారనుకోవడమే సమంజసం. దీనికి ఎదురు సాక్ష్యం లేకపోలేదు. పదకొండో శతాబ్దిలో అల్ బిరూనీ రత్నాల మీద రాసిన గ్రంథంలో, ఊపిరి బిగబట్టే బాధ తప్పించే తోలు సరంజామాను మునిగేవాళ్లు కనిపెట్టారని, దాని పొడవాటి గొట్టం పై కొస నీటి మీద తేలే గిన్నెకు కట్టి ఉంటుందని ఒక బాగ్దాద్ మనిషి తనతో చెప్పినట్టు రాశాడు. బిరూనీ ఆషామాషీ రచయిత కాడు, విన్నది విన్నట్టు, చూసింది చూసినట్టు విడదీసి రాసే మనిషి. ఇది విన్నదని ఆయనే చెప్పాడు. ఆ సరంజామా నిజంగా చేసి ఉండవచ్చు కూడా. కానీ ముత్యపు చిప్పలుండే లోతులో దాంతో ఒక్క శ్వాసైనా తీసి ఉండటం సాధ్యం కాదు. పది మీటర్ల దగ్గర తేడా పూర్తిగా ఒక వాతావరణ ఒత్తిడి, మనిషి పీల్చగలిగిన దానికి పది రెట్లు. ఆ పరికరం ఆ తర్వాతి ఎనిమిది తొమ్మిది శతాబ్దాల సింధుశాఖ వేటలో వాడుక కాకపోవడమే దానికి తీర్పు.

ఇదే పొరపాటు పుస్తకాలు చదివినవాళ్లు ఇంకా ఘనంగా చేశారు. లియొనార్డో డావించీ గీసిన మునక తొడుగులో తోలు టోపీ నుంచి బెత్తపు గొట్టాలు పైకి వెళ్లి ఒక తేలే బిరడా దగ్గర ముగుస్తాయి. గొట్టం అతుకుల్లో ఉక్కు చుట్టలు పెట్టాడు, నీటి ఒత్తిడికి గొట్టం నొక్కుకుపోకుండా. ఎంత పదునైన చూపో చూడండి: నీరు గొట్టాన్ని నొక్కేస్తుందని ఆయన కనిపెట్టాడు, దానికి ఉక్కు పక్కటెముకలు తొడిగాడు, ఆ గొట్టం కింది కొసన ఉన్న మనిషి పక్కటెముకల సంగతి వదిలేశాడు. నీటిలోకి గాలిని బలవంతంగా నెట్టాలన్న ఆలోచన కాగితం మీదికి రావడానికి ఇంకో రెండు వందల ఏళ్లు పట్టింది. 1689లో డెనిస్ పాపిన్ మునక గంటలోకి కొలిమితిత్తులతో గాలి ఊదమన్నాడు. గంట అంటే అడుగు తెరిచిన పెద్ద తొట్టి, అందులో నీరు తానే పైకి వచ్చి గాలిని నొక్కి ఒత్తిడి సమం చేస్తుంది. రొమ్ములో గాలి బంధించి దిగే ముత్యాల కూలీ పద్ధతీ, గంట పద్ధతీ సూత్రానికి ఒక్కటే. 1837 నాటికి అగస్టస్ సీబే తయారు చేసిన మూసిన తొడుగు, రాగి శిరస్త్రాణం, పై నుంచి పంపు ఈ కథను మలుపు తిప్పాయి. పైకి చూస్తే అదీ పొడుగాటి గొట్టమే. తేడా అంతా పంపులో ఉంది. పైన మనుషులు చక్రం తిప్పుతూ గాలిని మునిగినవాడి లోతుకు తగిన ఒత్తిడితో నెడతారు. ఆ గొట్టం తెగిందా, శిరస్త్రాణంలోని గాలి ఒక్కసారిగా పైకి పోతుంది, నీరు మనిషి శరీరాన్ని ఆ రాగి టోపీలోకి కుక్కుతుంది. అలాంటి చావులు జరిగాకే గాలి వెనక్కి పోనివ్వని కవాటం తప్పనిసరైంది. పంపు లేని గొట్టం నెమ్మదిగా చేసే పనినే తెగిన గొట్టం క్షణంలో చేసి చూపింది.

మూసీ వరద వచ్చిన 1908లోనే జాన్ స్కాట్ హాల్డేన్ బ్రిటిష్ నౌకాదళం కోసం మునక పట్టికలు ప్రచురించాడు, లోతు నుంచి ఎంత నిదానంగా పైకి రావాలో చెప్పేవి. ఆ ప్రయోగాల రోజుల్లో పదమూడేళ్ల కొడుకు జాక్‌కు పెద్దవాళ్ల తొడుగు తొడిగి స్కాట్లండ్ సముద్రంలో దింపాడు. తొడుగు వదులై లోపలికి నీళ్లు కారాయి. ఆ పిల్లాడే జె.బి.ఎస్. హాల్డేన్. 1939 జూన్‌లో థీటిస్ జలాంతర్గామి మునిగి 99 మంది పోయినప్పుడు, తన ఒంటి మీదే ఒత్తిడి గదుల్లో ప్రయోగాలు చేసుకున్నాడు. కర్ణభేరికి రంధ్రం పడితే చెవిలోంచి పొగ వదిలి నలుగురినీ ఆశ్చర్యపరచవచ్చని వేళాకోళంగా రాసిన మనిషి. 1957లో భారతదేశం వచ్చి ఇక్కడే స్థిరపడి, 1964 డిసెంబరు 1న భువనేశ్వర్‌లో కన్నుమూశాడు. ఒత్తిడి కింద ఎన్నో అవస్థలు పడిన ఆ శరీరాన్ని వైద్య విద్యార్థుల చదువుకోసం కాకినాడ రంగరాయ వైద్య కళాశాలకు ఇవ్వమని వీలునామా రాశాడు. తండ్రి హాల్డేన్ ఇంకో సంగతి కూడా తేల్చాడు. మనకు ఊపిరాడనట్టు అనిపించేది ప్రాణవాయువు తగ్గడం వల్ల కంటే బొగ్గుపులుసు వాయువు పేరుకోవడం వల్ల ఎక్కువని 1905లో చూపాడు. గొట్టం కథకు ఇది రెండో దెబ్బ. మామూలు శ్వాసలో మనం లాగే గాలి అర లీటరు. అందులో 150 మిల్లీలీటర్ల దాకా గొంతు, శ్వాసనాళాల్లోనే ఉండిపోతుంది, పనికి రాదు. రెండు సెంటీమీటర్ల వెడల్పు, మీటరు పొడవున్న గొట్టంలో ఇంకో 314 మిల్లీలీటర్లు పడుతుంది. ఇప్పుడే వదిలిన చెడు గాలి ఆ గొట్టంలోనే నిలిచి, తిరిగి మొదటగా లోపలికి వచ్చేది అదే. పోగా మిగిలే కొత్త గాలి 36 మిల్లీలీటర్లు, రెండు మూడు పెద్ద చెంచాలు. సరే, సన్నని గొట్టం తీసుకుంటే చెడు గాలి తక్కువ నిలుస్తుంది కదా అంటే, గొట్టం వ్యాసార్ధం సగమైతే గాలికి అడ్డు పదహారు రెట్లు పెరుగుతుంది. తామరతూడు సంగతి మరీ అన్యాయం. విరిచి చూస్తే అందులో ఉండేది ఒక గొట్టం కాదు, పక్కపక్కనే నాలుగైదు సన్నని దారులు. దాంతో చెరువులో పూటంతా గడిపే వీరుడికి శత్రువుల అవసరం లేదు.

ఇంతకూ మన పాత కథకులు ఈ విషయంలో సినిమా రచయితల కంటే జాగ్రత్తగా ఉన్నారు. యుద్ధం చివర మడుగులో దాగిన దుర్యోధనుడికి వ్యాసుడు తూడు ఇవ్వలేదు, తిక్కన తెలుగు చేసినప్పుడూ ఇవ్వలేదు. నీటినే మంత్రంతో నిలిపి ఉంచే జలస్తంభన విద్య ఇచ్చారు. శాస్త్రం తెలిసి అలా రాశారని నేననను. అడ్డు తొలగించాల్సింది నీటిదేనని వాళ్ల ఊహకు అందింది, అంతవరకే. తూడు కథ కూడా పూర్తి అబద్ధం కాదు. మోకాలి లోతు నీటిలో వెల్లకిలా పడుకుని, ముఖం మీద జానెడు నీరు ఉండేట్టు చూసుకుని, వెడల్పాటి పొట్టి గొట్టంతో కాసేపు గాలి పీల్చవచ్చు. నేటి స్నార్కెల్ చేసేది సరిగ్గా ఇదే. మంచి తయారీ స్నార్కెల్ పొడవు 40 సెంటీమీటర్లు మించకపోవడానికి కారణం ప్లాస్టిక్ పొదుపు కాదు. ఈత కొలనులో పిల్లలు రెండు గొట్టాలు అతికించి లోతుకు దిగుదామని చూస్తే పెద్దలు ఆపాల్సింది కూడా అందుకే.

జలాంతర్గామి గొట్టంతో గాలి పీలుస్తుంది కదా అనే ప్రశ్న ఒకటి మిగిలింది. విశాఖ రామకృష్ణా బీచ్‌లో 2002 నుంచి ప్రదర్శనశాలగా నిలిపిన ఐఎన్‌ఎస్ కురుసుర డీజిల్ నౌకే. నీటి పైభాగాన కొంచెమే మునిగి, గొట్టం పైకెత్తి, ఇంజన్లకు గాలి తీసుకునేది. అక్కడ నీటి బరువు మోసేది ఉక్కు ఒళ్లు. ఆ గోడల మధ్య నిలబడిన నావికుడి రొమ్ము మీద ఏ బరువూ లేదు. మనిషికి ఉక్కు పక్కటెముకలు లేవు, ఏనుగుకూ లేవు. కానీ ఏనుగు తొండం పైకెత్తి నదులు ఈదుతుంది, అరిస్టాటిల్ కాలం నుంచీ మునిగేవాడి గొట్టానికి అదే పోలిక. దాని ఊపిరితిత్తులు అప్పుడు నీటికి దాదాపు రెండు మీటర్ల అడుగున ఉంటాయి, తేడా 150 మిల్లీమీటర్ల పాదరసానికి దగ్గర. నేను ఇంతవరకు చెప్పినదంతా ఏనుగు ఒక్కటే కొట్టిపారేసేలా ఉంది. శరీరశాస్త్రవేత్త జాన్ వెస్ట్ 2001లో దీనికి ఒక వివరణ ఇచ్చాడు. మిగతా క్షీరదాలన్నిటికీ ఊపిరితిత్తికీ రొమ్ము గోడకూ మధ్య రెండు పలుచని పొరలు, వాటి నడుమ కొద్దిపాటి ద్రవం ఉంటాయి. ఆ పొరల్లోని సన్నని రక్తనాళాలు అంత తేడాకు తట్టుకోలేక చిట్లుతాయి, లేదా నీరూరతాయి. ఏనుగులో ఆ ఖాళీయే లేదు. పొరలు సంధాయక కణజాలంతో అతుక్కుపోయి ఉంటాయి. ఏనుగును కోసి చూసినవాళ్లకు ఎప్పటినుంచో తెలిసిన ఈ వింతను చాలాకాలం ఏదో జబ్బు గుర్తు అనుకునేవారు. తొండంతో ఊపిరి పీలుస్తూ లోతు నీళ్లు దాటే జంతువుకు అది అవసరమైన నిర్మాణమని వెస్ట్ వాదించాడు. మనిషిలో అలాంటి అతుకు పడితే వైద్యులు దాన్ని జబ్బు మిగిల్చిన మచ్చగానే చూస్తారు, ఊపిరితిత్తి చుట్టూ మాటిమాటికీ నీరు చేరే కొందరు రోగులకు మాత్రం మందు వేసి కావాలనే ఆ పొరలను అతికిస్తారు.